ఏ నంబరూ లేని ట్రై

సోమవారం పన్నెండు గంటలకు లీగ్ ఆఫీసు బోర్డు మీద పట్టిక అంటించి, నాలుగు మూలలా పిన్నులు గుచ్చి, పట్టికత్త ఒక అడుగు వెనక్కి వేసి చూసుకుంది. పిన్నులు నాలుగూ ఒకే రంగువి. గీతలు స్కేలు పెట్టి గీసినవి. పద్దెనిమిదేళ్ళుగా ఆడవాళ్ళ రగ్బీ లీగ్‌కి పాయింట్ల పట్టిక రాస్తున్న మనిషి ఆవిడ. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పది జట్ల అమ్మాయిలూ, రెఫరీలూ, ఆఖరికి మైదానంలో గడ్డి కోసే ఆయన కూడా పట్టికత్త అనే పిలుస్తారు. నిజంగా ఆవిడని అత్తా అని పిలిచే వరస మాత్రం ఒక్కదానికే ఉంది. డిపో జట్టు కెప్టెన్ ఆవిడ అన్న కూతురు.

ఆ ఒక్కతే ఇప్పుడు వెనక నిలబడి ఉంది. బస్సు డ్రైవర్ యూనిఫాం, ఎడమ మోకాలికి కట్టు, చేతిలో సగం తిన్న బన్ను.

"మూడా?" అంది.

పట్టికత్త వెనక్కి తిరగలేదు.

"అత్తా, మేం మూడా?"

"ఆఫీసులో అత్తా లేదు, కోడలూ లేదు. బోర్డు మీద ఉన్నది చదువుకో."

మేనకోడలు చదివింది. వేలు పెట్టి మళ్ళీ చదివింది. నిన్న సాయంత్రం ఆఖరి లీగ్ మ్యాచ్ గెలిచి, జట్టంతా దాన్ని భుజాల మీదికి ఎత్తబోతే, మోకాలు జాగ్రత్తరా బాబూ అని అరిచి దింపించుకుంది. రెండో స్థానం ఖాయమనుకుని ఇంటికి పాడుకుంటూ వచ్చింది. దాని మొహంలో రక్తం దిగిపోవడం బోర్డుకున్న అద్దం తలుపులో పట్టికత్తకి కనిపించింది.

ఆ లీగ్‌లో పద్ధతి చిన్నపిల్లలకి కూడా తెలుసు. బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకి ఆనిస్తే ట్రై, ఒకే మ్యాచ్‌లో నాలుగు ట్రైలు వేస్తే పైన ఒక బోనస్ పాయింటు. పది జట్లూ ఒకరితో ఒకరు ఒక్కోసారి ఆడాక మొదటి ఆరు మిగులుతాయి. ఒకటో స్థానం వాళ్ళూ రెండో స్థానం వాళ్ళూ ఆ వారం కాళ్ళు చాపుకుని కూర్చుని నేరుగా సెమీఫైనల్‌కి వెళ్తారు. మూడో జట్టు ఆరోదానితో, నాలుగోది ఐదోదానితో ఆడాలి. ఓడినవాళ్ళు ఇంటికి, గెలిచినవాళ్ళు సెమీస్‌కి. కాగితం మీద రెండుకీ మూడుకీ తేడా ఒక్క అంకె. మైదానంలో అది ఎనభై నిమిషాల గుద్దులాట.

మేనకోడలికి కావలసింది ఆ వారమే. డాక్టరు మోకాలు నొక్కి చూసి, "వారం రోజులు పరుగు మాట ఎత్తకు, సెమీస్ ఆడుకో. ఈలోపు ఎవరైనా పక్కనుంచి గుద్దారా, స్ట్రెచర్ మీదే వస్తావు నా దగ్గరికి" అన్నాడు. అది ఎడమ మోకాలు. బస్సులో క్లచ్ తొక్కేది ఆ కాలే. అందుకే డిపోలో తోటి డ్రైవర్లు గేర్లు మార్చే పని లేని కొత్త బస్సు ఒకటి దీనికి వదిలిపెట్టారు.

"ముప్పైమూడు వేశావేంటి మాకు? ముప్పైనాలుగు రావాలి. నిన్న నాలుగు ట్రైలు, నాలుగేస్తే బోనస్ పాయింటు కదా!"

"మ్యాచ్ షీటులో మూడే ఉన్నాయి. కింద నీ సంతకం కూడా ఉంది. మీకూ ఆస్పత్రి జట్టుకీ సమానంగా ముప్పైమూడు. వాళ్ళవి గెలుపులు ఎక్కువ, కాబట్టి వాళ్ళు రెండు."

"సంతకం పెట్టేటప్పుడు మొత్తం స్కోరు చూశాను, ట్రైల గళ్ళు ఎవరు లెక్కపెట్టుకుంటారు? ఒక్కసారి వినవే, ఆ నాలుగోది..."

పట్టికత్త చెయ్యెత్తి ఆపేసింది. "నోటిమాట చెల్లదు. అభ్యంతరం ఉంటే కెప్టెన్ రాసి, సంతకం పెట్టి, స్వయంగా తెచ్చి నా చేతికివ్వాలి. రేపు పన్నెండు దాకా టైముంది."

వరండాలో నలుగురు అమ్మాయిలు నిలబడి వింటున్నారు. వాళ్ళు వింటున్నారని పట్టికత్తకి తెలుసు. గొంతు కాస్త పెంచే అంది ఆ ఆఖరి మాట.

* * *

దర్జీ దుకాణం పైన రెండు గదుల ఇల్లు. అత్తా కోడళ్ళిద్దరే ఉంటారు. సాయంత్రం పట్టికత్త గిన్నెలు తోముతుంటే మేనకోడలు కవరు తెచ్చి గట్టు మీద, తడి తగలని చోటు చూసి పెట్టింది.

"రాశాను. తీసుకో."

"ఇంట్లో లీగు కాగితం ముట్టను."

"రేపు నా డ్యూటీ ఐదింటి నుంచి ఒంటిగంట దాకా."

"మార్పించుకో."

"ఎవరితో? ఆ బస్సు ఒక్కటే కదా నేను నడపగలిగింది."

"అది నాకెందుకు చెప్తావు? ఇంకో కెప్టెన్ అయితే నా వంటింట్లోకొచ్చి ఇస్తుందా కాగితం?"

"ఇంకో కెప్టెన్ అయితే నోటితో చెప్తున్నప్పుడైనా వింటావు." మేనకోడలు పీట లాక్కుని కాలు చాపుకుని కూర్చుంది. "నాలుగడుగుల దూరంలో ఉన్నావత్తా. చెయ్యి తుడుచుకుని చాస్తే అయిపోయే పని."

"రేపు ఆఫీసు కిటికీ దగ్గర చాస్తాను."

నిబంధనల పుస్తకంలో 'పట్టిక రాసేవారి చేతికి' అని మాత్రమే ఉంది. వంటిల్లు పనికిరాదనీ ఆఫీసు కిటికీయే కావాలనీ ఎక్కడా లేదు. అది ఆవిడ తనంతట తను గీసుకున్న గీత. మేనకోడలు డిపో జట్టులో చేరిన రోజున, ఇక పట్టిక ఇంట్లోనే వండుతారన్నమాట అని ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు ఆవిడ చెవిలోంచి ఇప్పటికీ పోలేదు. ఆ రోజు నుంచి డిపో షీటు అంటే నిప్పును ముట్టుకున్నట్టే. మిగతా జట్ల షీట్లు రెండుసార్లు కూడి చూసేది. డిపోది మాత్రం ఉన్నదున్నట్టు ఎక్కించి పక్కన పెట్టేది. ఎక్కువసేపు చూస్తే ఏదో వెతుకుతోందనుకుంటారని భయం. చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా భయమే.

మంగళవారం పన్నెండు కొట్టింది. పట్టికత్త కిటికీ తలుపు వేసి, రిజిస్టరులో 'అభ్యంతరాలు లేవు' అని రాసి, కింద గీత గీసింది. ఆ సిరా ఆరకముందే బయట ఒక బస్సు ఆగింది. జనం దిగిపోయిన ఖాళీ బస్సు, డిపోకి తిరిగి వెళ్ళాల్సింది. మేనకోడలు మెట్లు ఒక్కొక్కటీ కుడికాలే ముందు వేసి ఎక్కింది. కిటికీ కొట్టింది. పట్టికత్త తలుపు తీసి, గోడ గడియారం వైపు చూపించింది.

పన్నెండు ఇరవై.

"రైలు గేటు దగ్గర ఆగిపోయానే. నా తప్పా అది?" చువ్వల సందులోంచి కవరు లోపలికి తోసింది.

పట్టికత్త దాన్ని ఒక్క వేలితో వెనక్కి తోసింది. "తెరిస్తే స్వీకరించినట్టే. తెరవను."

మేనకోడలు ఆవిడ మొహంలోకి చూసింది. కోపం కాదు. బస్సుకి ఎదురుగా ఎవరైనా హఠాత్తుగా అడ్డం వస్తే డ్రైవర్లు చూస్తారే, ఆ చూపు. "నిజంగానే చూడవా?" అంది. పట్టికత్త రిజిస్టరు మూసేసరికి కవరు తీసుకుని మెట్లు దిగింది.

ఆ మధ్యాహ్నం పట్టికత్త తృప్తిగా భోంచేసింది. చెప్పడానికి సిగ్గే గానీ, నిజం అదే. ఇప్పుడు అనమనండి ఎవరినైనా, పట్టిక ఇంట్లో వండానని, అనుకుంటూ పెరుగన్నం కూడా మారు వడ్డించుకుంది.

* * *

శనివారం డిపో మైదానంలో మూడో జట్టుకీ ఆరో జట్టుకీ మ్యాచ్. డిపోకి ఎదురు రేవు జట్టు. బస్సు షెడ్ల వెనక మైదానం అది, గాలి వీస్తే డీజిల్ వాసన. స్కోరు బల్ల దగ్గర రిటైరైన లెక్కల మాస్టారు కూర్చున్నాడు. ఆదివారం షీటు రాసింది కూడా ఆయనే. పక్క కుర్చీలో పట్టికత్త. మామూలుగా ఆవిడ డిపో మ్యాచ్‌కి రాదు. మంగళవారం నుంచి ఇంట్లో మేనకోడలు ఉప్పు, పప్పు తప్ప ఇంకో మాట మాట్లాడటం లేదు. ఉండబట్టలేక వచ్చింది.

మేనకోడలు ఆడుతోంది. మోకాలికి రెండు కట్లు, ఒకదాని మీద ఒకటి. గంట గడిచేసరికి డిపో ఇరవై, రేవు పది.

అప్పుడు రేవు అమ్మాయి ఒకతె బంతి చంకన పెట్టుకుని గీత మీదికి దూకబోయింది. ఇంకో అడుగు వేస్తే బంతి నేలకి ఆనేది, ట్రై అయ్యేది. డిపో అమ్మాయి వెనకనుంచి మెడ పట్టి లాగేసింది. రెఫరీ ఈల ఊది, పరిగెత్తుకెళ్ళి గోల్ కర్రల మధ్య నిలబడి చెయ్యెత్తాడు. పెనాల్టీ ట్రై. తప్పు చేసి ఆపకపోయి ఉంటే ట్రై ఖాయం కాబట్టి, ట్రై పడినట్టే లెక్క. మామూలుగా ట్రైకి ఐదు, ఆ తర్వాత బంతిని కర్రల మధ్యకి తంతే ఇంకో రెండు; ఇక్కడ ఆ తన్నే పని కూడా లేదు, తిన్నగా ఏడు పాయింట్లు.

మాస్టారు మొత్తం గడిలో పది కొట్టేసి పదిహేడు వేశాడు. తర్వాత ట్రైల గళ్ళ దగ్గరికి పెన్ను తీసుకెళ్ళి గాల్లోనే ఆపాడు. ఆ గళ్ళలో ట్రై వేసిన అమ్మాయి చొక్కా నంబరు రాయాలి. ఎవరు వేశారో తర్వాత గొడవలు రాకూడదని ఆ ఫారం తయారుచేసింది పట్టికత్తే, రెండేళ్ళ క్రితం. ఎన్ని గళ్ళలో నంబర్లుంటే అన్ని ట్రైలు.

మాస్టారు ఏ నంబరూ రాయకుండా పెన్ను కింద పెట్టాడు.

"అదేంటి మాస్టారూ, గడి నింపలేదు?"

"ఎవరి నంబరు వెయ్యమంటారండీ? పెనాల్టీ ట్రై కదా, జట్టు మొత్తానిది. ఒకరి పేరు లేదు."

"మరి... పోయిన ఆదివారం?"

"పోయిన ఆదివారమూ ఒకటి పడింది కదండీ, డిపో వాళ్ళకి. అప్పుడూ ఇలాగే వదిలేశాను. మొత్తంలో కలిపాను లెండి, ఏడూ కలిపాను. స్కోరులో తేడా లేదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు ఎలాగూ మళ్ళీ కూడతారు కదా అనుకున్నాను."

పట్టికత్త ఆయన ముందున్న షీటు తన వైపు లాక్కుంది.

ఆదివారం షీటు ఆవిడకి కళ్ళముందు కనపడింది. మూడు నంబర్లు. మూడు ట్రైలు, మూడైదులు పదిహేను. వాటి తర్వాత తన్నిన తన్నులు మూడు, ఆరు. పెనాల్టీ తన్ను ఒకటి, మూడు. అంతా కలిపితే ఇరవైనాలుగు. షీటులో మొత్తం ముప్పైఒకటి. మధ్యలో ఏడు. మూడో తరగతి పిల్ల కూడినా దొరికే ఏడు. తను కూడలేదు. పది జట్లలో తొమ్మిదింటికి కూడి, ఒక్కదానికే కూడలేదు. డిపోకి నాలుగు ట్రైలు, డిపోకి ముప్పైనాలుగు పాయింట్లు, డిపో రెండో స్థానం. ఈ మ్యాచ్ వాళ్ళు ఆడాల్సింది కాదు. ఆ పిల్ల ఇవాళ మంచం మీద కాలు చాపుకుని ఉండాల్సింది. వంటింట్లో గట్టు మీద తడి తగలని చోట పెట్టిన కాగితంలో ఉన్నది ఇదే అయ్యుండాలి. ఆవిడ కుర్చీ వెనక్కి నెట్టింది.

లేచింది. మైదానం గీత దగ్గరికి ఇరవై అడుగులు. అక్కడ డిపో కోచ్ నిలబడి ఉన్నాడు. వెళ్ళి, దాన్ని బయటికి పిలవండి అని ఒక్క ముక్క చెబితే చాలు. కానీ పద్దెనిమిదేళ్ళ అలవాటు ఆవిడ కాళ్ళని అటు తిరగనివ్వలేదు. పట్టిక విషయం ముందు లీగ్ కార్యదర్శికి చెప్పాలి. ఆవిడ గ్యాలరీ మెట్లెక్కింది.

కార్యదర్శి పై వరసలో వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఆవిడ చెప్పింది విని చెయ్యి ఆపాడు. "ఏంటి పట్టికత్తగారూ, మీరేనా ఈ మాటంటోంది?"

"నేనే. తప్పు నాది. మ్యాచ్ ఆపించండి."

"అరవయ్యో నిమిషం దాటాక ఆపమంటారా? రేవు వాళ్ళు ఊరుకుంటారా?" అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అభ్యంతరాలు లేవని మీరే రాశారు కదా. డిపో ఎలాగూ గెలిచేలా ఉంది. గెలిస్తే ఎలాగూ సెమీస్‌కే వెళ్తారు. ఇందులో ఎవరికి నష్టం చెప్పండి?"

ఎవరికి నష్టమో చెప్పడానికి ఆవిడ నోరు తెరిచింది. అప్పుడే కింద అందరూ ఒక్కసారిగా హా అన్నారు.

తిరిగి చూసేసరికి ఆట ఆగిపోయింది. మధ్యలో ఒక చొక్కా నేల మీద ఉంది. పక్కనుంచి గుద్దిన రేవు అమ్మాయి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడిపోయింది. మేనకోడలు అరవలేదు. ఎడమకాలిని రెండు చేతులతో పట్టుకుని, అది తనది కాదన్నట్టు దాని వైపు చూస్తోంది.

డిపో ఇరవై, రేవు పదిహేడు. డిపో గెలిచింది.

స్ట్రెచర్ బల్ల పక్కనుంచే వెళ్ళింది. "కెప్టెన్ సంతకం కావాలండీ" అని మాస్టారు షీటు పట్టుకుని లేచి, అన్న మాటకి తనే సిగ్గుపడి కూర్చున్నాడు. మేనకోడలు తల తిప్పి పట్టికత్తని చూసింది.

* * *

సాయంత్రం ఐదింటికి సెమీస్ పట్టిక అంటించాలి. పట్టికత్త అంటించింది. రెండో స్థానం ఆస్పత్రి జట్టు, మూడు డిపో, ఆట ఆస్పత్రి మైదానంలో. పై స్థానం వాళ్ళ మైదానంలోనే ఆడాలని నియమం. కెప్టెన్ రాసిచ్చిన అభ్యంతరం లేకుండా ఒక్క అంకె కూడా మార్చడానికి ఆవిడకి అధికారం లేదు. కార్యదర్శి పక్కనే నిలబడి, "అదీ, అలా ఉండనివ్వండి" అన్నాడు. పిన్నులు గుచ్చుతుంటే ఒక పిన్ను వంకరగా దిగింది. ఆవిడ దాన్ని సరిచెయ్యలేదు.

కొత్త పట్టిక పడింది కాబట్టి అభ్యంతరాలకి మళ్ళీ ఇరవైనాలుగు గంటలు. ఆదివారం ఐదు దాకా.

ఆదివారం మూడింటికి ఆవిడ ఆస్పత్రిలో ఉంది. చేతిసంచిలో రిజిస్టరు, ముద్ర, సిరాపెట్టె. సంచి జేబులో ఆ కవరు. మంగళవారం మేనకోడలు దాన్ని తెచ్చి, అత్త రోజూ కళ్ళజోడు పెట్టే అరలో పెట్టింది. నాలుగు రోజులూ పట్టికత్త ఆ కవరు మీదినుంచే కళ్ళజోడు తీసుకుంది.

మేనకోడలి కాలు దిండ్ల మీద ఉంది. మంచం పక్కన నర్సు బిగుతు చూసి కట్టు సర్దుతోంది. పొట్టిగా, మెడ లావుగా ఉన్న ఆ నర్సుని పట్టికత్త గుర్తుపట్టింది. ఆస్పత్రి జట్టు కెప్టెన్.

"లిగమెంటు తెగింది. ఆపరేషనంటున్నారు" అంది మేనకోడలు, పైకప్పు చూస్తూ. "ఆర్నెల్లు క్లచ్ తొక్కొద్దన్నారు. తర్వాత సంగతి తర్వాత చూద్దామన్నారు."

పట్టికత్త స్టూలు మీద కూర్చుంది. వీధిలో నడుస్తూ కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. సంచిలోంచి కవరు తీసింది.

"ఇంకా తెరవలేదా?" మేనకోడలు నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయింది పట్టికత్త. "తెరవకులే. తెరిస్తే స్వీకరించినట్టే."

పట్టికత్త కవరు అంచు చింపింది.

లోపల రూళ్ళ కాగితం మీద ఆ పిల్ల గుండ్రటి అక్షరాలు. పదిహేను, ఆరు, మూడు, మొత్తం ఇరవైనాలుగు. షీటులో ముప్పైఒకటి. మిగిలిన ఏడు పెనాల్టీ ట్రైవి, అది కూడా ట్రైయే, కాబట్టి మాకు బోనస్ పాయింటు ఇప్పించగలరు. ఆ కింద ఇంకో వాక్యం: 'ఫారంలో పెనాల్టీ ట్రైకి గడి లేనందువల్ల ఇలా జరిగింది, ఇందులో పట్టిక రాసేవారి తప్పు ఏమీ లేదు.'

పట్టికత్త ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. ఆవిడ తల వంచుకుని ఉండటం చూసి నర్సు కట్టు వదిలేసి నిలబడింది.

"తారీకు మార్చి ఇవ్వు. ఇవాళ్టిది వెయ్యి. ఐదు దాకా టైముంది" అంది పట్టికత్త.

"ఇక్కడా? కిటికీ వద్దా?"

"వద్దు."

"ఇప్పుడేం లాభం అత్తా? మోకాలు వెనక్కొస్తుందా?"

"రాదు. మైదానం వస్తుంది, మీ వాళ్ళకి." పట్టికత్త కాగితాన్ని మంచం అంచు మీద పెట్టింది. "తప్పు నాదే. సోమవారం నువ్వు చెప్పబోతే నోరు మూయించాను. నా మంచిపేరు పోతుందని భయం. నీ కాలు పోతుందని తట్టలేదు నాకు. నిన్న కూడా, తెలిశాక కూడా, నీ దగ్గరికి రాకుండా పైకి పరిగెత్తాను."

నర్సు వాళ్ళిద్దరి మధ్యనుంచి వంగి కాగితం చదివింది. ఆవిడ పెదవులు కదిలాయి. లెక్క కూడుకుంటోంది. కూడటం అయ్యాక మొహం పాలిపోయింది.

"అంటే నిన్న ఆ మ్యాచ్ ఆడాల్సింది మేమా?"

పట్టికత్త తలూపింది.

"నిన్నంతా నేను నిద్రపోయాను, సెలవు పెట్టుకుని మరీ" అంది నర్సు. జేబుకున్న పెన్ను తీసి మేనకోడలికి అందించింది. "రాయి. మేమే వస్తాం మీ మైదానానికి."

మేనకోడలు తారీకు కొట్టేసి కొత్తది వేసింది. కాగితం ఇవ్వబోయింది.

"ఆ ఆఖరి వాక్యం కూడా కొట్టెయ్" అంది పట్టికత్త.

"ఏది?"

"పట్టిక రాసేవారి తప్పు ఏమీ లేదన్నది. అది అబద్ధం. అబద్ధం ఉన్న కాగితం మీద ముద్ర వెయ్యను."

మేనకోడలు అత్త మొహంలోకి చాలాసేపు చూసింది. పట్టికత్త చూపు తిప్పుకోలేదు. లోలోపల మాత్రం, ఉండనివ్వవే అంటుందేమోనని, అనాలని, చిన్నపిల్లలా ఎదురుచూసింది.

మేనకోడలు కాగితాన్ని రిజిస్టరు మీద పెట్టుకుని, ఆ వాక్యం మొదటినుంచి చివరిదాకా ఒకే గీతతో కొట్టేసింది. కొట్టివేత పక్కన నియమం ప్రకారం పొడి సంతకం పెట్టింది. పెన్ను నర్సుకి ఇచ్చేసి, కాగితం అత్త వైపు చాపింది.

పట్టికత్త రెండు చేతులూ చాపి తీసుకుంది. మందుల బల్ల మీద సీసాలు జరిపి, ముద్ర వేసి, టైము రాసింది. మూడు నలభై.